ఇల్లందు బొగ్గు గనుల ఊళ్ళలో పట్వారీ, పటేల్ కుటుంబాల వంశచరిత్ర: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ పొరపాటు పడతాం

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా ముత్తాత ఇల్లందు దగ్గర పట్వారీ అని ఇంట్లో చెబుతారు. సింగరేణి గనులు మొదలైనప్పుడు కంపెనీకి భూమి ఇచ్చింది ఆయనేనట. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు తప్ప మాకేమీ తెలియదు. ఉర్దూ రాదు. వంశచరిత్ర రాయాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?"

మనిషి పేరు పట్టుకొని వెతకడం మొదలుపెట్టకండి. ఊరి పేరు పట్టుకోండి. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలన్నీ మౌజా వారీగా, అంటే ఊరి పేరు మీదే కట్టలు కట్టి ఉంటాయి. "ఫలానా రావు పట్వారీ" అని అడిగితే ఏ కార్యాలయంలోనూ ఎవరూ ఏమీ తీసి ఇవ్వలేరు. "ఫలానా తాలూకా, ఫలానా మౌజా, ఫలానా ఫసలీ" అని అడిగితే కట్ట బయటికి వస్తుంది. ఫసలీ అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరం. మీ దగ్గరున్న రెండు పేర్లకు ఒక మౌజా, ఒక ఫసలీ జోడించడమే మొదటి పని.

దానికన్నా ముందు కాలం లెక్క సరిచూసుకోండి. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించింది 1871లో. లండన్‌లో నమోదైన హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ గనుల హక్కు పొందింది 1886లో. తవ్వకం మొదలైంది 1889లో. సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది 1920 డిసెంబరు 23న. మీ తాతగారు 1915 ప్రాంతంలో పుట్టారనుకుంటే, ఆయన తండ్రి 1885–1890 మధ్య పుట్టి ఉంటారు. 1889లో ఆ పిల్లవాడు పట్వారీ కాలేడు. అప్పుడు ఇంట్లో చెప్పే కథ ముత్తాతది కాకుండా ఆయన తండ్రిది అయి ఉండాలి, లేదా 1920 తరువాతి సంగతి వెనక్కి జరిగి ఉండాలి. తరానికి 25–30 ఏళ్ళు వేసుకొని ఒక కాగితం మీద ఈ లెక్క గీయండి. రెండు తరాలను కలిపి ఒకే మనిషిగా చెప్పుకోవడం ఇంటి కథల్లో చాలా మామూలు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల అది ఇంకా పెరుగుతుంది.

కంపెనీకి భూమి ఇవ్వడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. భూగర్భంలోని ఖనిజం మీద హక్కు ఇచ్చింది నిజాం ప్రభుత్వం. పట్వారీ చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు. సర్కారు భూమినో, పట్టా భూమినో, అడవినో కంపెనీకో రైలు మార్గానికో తీసుకున్నప్పుడు హద్దులు చూపించడం, పంచనామా మీద సంతకం చేయడం, పహాణీలో, అంటే ఊరి భూముల పట్టికలో, పేరు మార్చి రాయడం పట్వారీ పని. "భూమి ఇచ్చింది ఆయనే" అనే మాట చాలావరకు ఆ సంతకంలోంచి పుట్టినదే. ఆయన సొంత పట్టా భూమి నిజంగా పోయి ఉంటే భూసేకరణ ఫైలు, అంటే మిసల్‌లో ఆయన పేరు పట్టాదారు గడిలో ఉంటుంది. అధికారి గడిలో ఉన్న పేరుకీ, పట్టాదారు గడిలో ఉన్న పేరుకీ తేడా చూడండి. వంశచరిత్రలో ఈ రెండూ పూర్తిగా వేరు.

ఇక "పట్వారీ" అనే మాట. ఇంట్లో ఈ మాట అన్నప్పుడు దాని వెనక అయిదారు రకాల మనుషులు ఉండొచ్చు. ఊళ్ళో ముగ్గురు అధికారులు: లెక్కలు రాసే పట్వారీ, శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీసు పటేల్. కొన్ని చోట్ల రెండు పటేల్‌గిరీలూ ఒకరి దగ్గరే ఉండేవి. వీళ్ళ కింద సేత్‌సింధీ, నీరడి (ఊరి కావలివాడు, చెరువు నీళ్ళు చూసేవాడు). పైన గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), ఆపైన తహసీల్దార్, డివిజన్‌కు దోయం తాలూక్‌దార్, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్. పోలీసు వైపు అమీన్. తహసీల్ కచేరీలో పేష్కార్. పరగణా లెక్కల మీద రుసుం తినే దేశ్‌పాండ్యా కుటుంబాలను కూడా తరువాతి తరాలవాళ్ళు "పట్వారీ వాళ్ళు" అనేశారు. మీ ముత్తాత తహసీల్దార్ స్థాయి మనిషైతే ప్రభుత్వ గెజెట్ అయిన జరీదాలో, సివిల్ లిస్టుల్లో నియామకం, బదిలీ, సెలవు అన్నీ దొరుకుతాయి. ఊరి పట్వారీ అయితే సాధారణంగా అందులో దొరకడు. అతని కాగితం తహసీల్‌లోనే ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలియక జరీదా సంపుటాలు తిరగేస్తూ నెలలు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

పట్వారీలోనూ రెండు రకాలున్నాయి, అసలు చిక్కంతా ఇక్కడే. పదవి మీద వంశపారంపర్య హక్కు ఉన్నవాడు వతన్‌దార్. అతని తరఫున కూర్చుని నిజంగా లెక్కలు రాసినవాడు గుమాస్తా. వతన్‌దార్ మైనర్ అయినా, పట్నంలో ఉన్నా, చదువు రాకపోయినా, నాలుగూళ్ళ వతన్ ఒకే ఇంట్లో ఉన్నా గుమాస్తాను పెట్టేవారు. భర్త పోయిన స్త్రీ పేరున వతన్ ఉండి, పని గుమాస్తా చేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని పహాణీ కింద సంతకం చూసి "ఇతనే మా వంశం" అనుకోవద్దు. సంతకం గుమాస్తాది కావచ్చు. మీ ఇల్లు గుమాస్తాల ఇల్లు కూడా కావచ్చు, అందులో తక్కువేమీ లేదు. కానీ అప్పుడు వారసత్వ మిసల్ మీ పేరున ఉండదు, వేరే ఇంటివాళ్ళ పేరున ఉంటుంది. దాంట్లో మీవాళ్ళ ప్రస్తావన ఒకటి రెండు వాక్యాల్లో వస్తుంది.

ఊరిని గుర్తించడం దగ్గర ఈ ప్రాంతంలో ప్రత్యేకమైన తికమకలున్నాయి. గనులు తవ్వింది ఇల్లందులో, కంపెనీకి పేరొచ్చింది సింగరేణి అనే పక్క ఊరినుంచి. ఆ సింగరేణి ఇప్పుడు కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలం. ఇల్లందును జనం బొగ్గుట్ట అన్నారు, పాత ఇంగ్లీషు కాగితాలు యెల్లందలపాడు అని రాశాయి. కొత్తగూడెం రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. కాబట్టి ఇంట్లో ఎవరైనా "సింగరేణిలో పట్వారీ" అంటే అది సింగరేణి మౌజానా, ఇల్లందు కస్బానా (పట్నమా), గనుల ప్రాంతమంతానా అని విడదీసి అడగండి. జిల్లాలు కూడా మారుతూ వచ్చాయి. ఇల్లందు వరంగల్ జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016లో ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు, గార్ల, బయ్యారం మహబూబాబాద్ జిల్లాకు పోయాయి. కారేపల్లి, కామేపల్లి ఖమ్మంలోనే మిగిలాయి. మీ ఊరి కాగితాలు ఈ మూడు జిల్లాల్లో ఎక్కడైనా ఉండొచ్చు. గోదావరి అవతల భద్రాచలం వైపు ఊరైతే దారే వేరు. అది 1953 వరకు మద్రాసు, ఆ తరువాత 1959 వరకు ఆంధ్ర వైపు జిల్లా పాలనలో ఉంది. అక్కడ పట్వారీ ఉండడు, కరణం, మునసబు ఉంటారు. ఊరు జాగీర్‌లోనో పాల్వంచ సంస్థానంలోనో ఉందా, దివానీలో, అంటే నేరుగా నిజాం సర్కారు పాలనలో, ఉందా అన్నది కూడా తేల్చుకోండి. జాగీర్లు రద్దయిన 1949కి ముందు జాగీరు ఊరి నియామకాలు దివానీ కట్టల్లో వెతికితే కనిపించవు.

కొన్ని ఊళ్ళు ఇప్పుడు నేల మీద లేవు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో కలిసిపోయాయి. జనం లేని రెవెన్యూ గ్రామాన్ని కాగితాల్లో బేచిరాగ్ అని రాస్తారు. ఊరు పోయినా మౌజా పేరు, సర్వే నంబర్లు రికార్డులో బతికే ఉంటాయి కాబట్టి నిరాశపడాల్సిన పని లేదు.

ఇప్పుడు కాగితాల దారి. వెనక్కి నడవాలి, ముందుకు కాదు. 1984 జనవరిలో ఆర్డినెన్సుతో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆనాటికి మీ ఊళ్ళో పట్వారీ ఎవరో ఊళ్ళో పెద్దవాళ్ళకు ఇప్పటికీ తెలుసు. ఆ పేరు రాసుకోండి, అది మీ ఇల్లా కాదా తేల్చుకోండి. అక్కడినుంచి 1955–58 సేసాల (మూడేళ్ళ) పహాణీకి, అక్కడినుంచి 1954–55 ఖాస్రా పహాణీకి వెళ్ళండి. ఖాస్రా పహాణీ తెలంగాణ ఊళ్ళకు గట్టి పునాది. ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, షిక్మీదారు (కౌలుదారు) ఉన్నారా, భూమి ఎలా వచ్చింది అన్నది అందులో ఉంటుంది. మీ ఇంటిపేరున్న ప్రతి నంబరునూ రాసుకోండి. అన్నదమ్ములు, పాలివాళ్ళు పక్కపక్క నంబర్లలో కనిపిస్తారు. ఒకే తండ్రి పేరు నలుగురికి ఉంటే అన్నదమ్ములు దొరికినట్టే. ఒక ముందుజాగ్రత్త: నీరడికీ సేత్‌సింధీకీ బలూతా ఇనాంలు, అంటే ఊరి సేవకు ఇచ్చిన భూములు, ఉండేవి. ఇంటిపేరు పక్కన ఇనాం అని కనిపించగానే అది పట్వారీ ఇనాం అనుకోవద్దు. పట్వారీకి ప్రధానంగా వసూలైన శిస్తు మీద స్కేల్, అంటే కొంత వాటా, ముట్టేది.

ఖాస్రాకు వెనక సేత్వార్ ఉంటుంది. అది సర్వే సెటిల్‌మెంట్ నాటి మూల రికార్డు. ఇది ఊళ్ళో పోయినా సర్వే సెటిల్‌మెంట్ విభాగం దగ్గర ప్రతి ఉండే అవకాశం ఉంది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, ఎందుకంటే 1946–51 సాయుధ పోరాట కాలంలో గడీల్లో, పట్వారీల ఇళ్ళల్లో ఉన్న లెక్కలు, అప్పుపత్రాలు చాలాచోట్ల తగలబెట్టారు. "మా ఊరి రికార్డులన్నీ కాలిపోయాయి" అని చెబితే అది ఊరి ప్రతి గురించి మాత్రమే అని అర్థం చేసుకోండి. తహసీల్ ప్రతి, సెటిల్‌మెంట్ ప్రతి విడిగా ఉండేవి.

అసలు బంగారం విరాసత్ మిసల్. వతన్‌దార్ చనిపోగానే వారసుడెవరో తేల్చడానికి విచారణ జరిగేది. ఆ మిసల్‌లో చనిపోయిన తేదీ, వారసుల పేర్లు, వయసులు, ఊరివాళ్ళ వాంగ్మూలాలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా షజ్రా, అంటే వంశవృక్షం గీసి ఉంటుంది. పాలివాళ్ళ మధ్య తగాదా నడిచిన ఇళ్ళకు అదృష్టం. తగాదా ఎంత పెద్దదైతే షజ్రా అంత లోతుకు, నాలుగైదు తరాల దాకా పోతుంది. రుసుం, ఇనాం ఉన్న కుటుంబాలైతే అతియాత్ (ప్రభుత్వ దానాల) విచారణల్లో ముంతఖబ్, అంటే తీర్పు పత్రం, కూడా వెతకాలి. ఈ మిసల్లు పాత తహసీల్ రికార్డు గదిలో, కలెక్టరేట్‌లో, కొన్ని తార్నాకలోని రాష్ట్ర పాత పత్రాల భాండాగారం, అంటే స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. షజ్రాను గుడ్డిగా నమ్మకండి. అది ఆస్తి కోసం వేసిన వృక్షం. వాటా లేని ఆడపిల్లలు అందులో కనిపించరు. పిల్లలు లేకుండా పోయిన కొమ్మను ఒక్కోసారి మొత్తంగా వదిలేస్తారు. తగాదాలో రెండు పక్షాలూ రెండు షజ్రాలు వేస్తాయి. రెండూ నకలు తీసుకోండి.

ఉర్దూ రాదన్నారు. పూర్తిగా రావాల్సిన అవసరం లేదు, ముందు కొన్ని మాటలు గుర్తుపట్టడం నేర్చుకోండి. వల్ద్ అంటే ఫలానా వారి కొడుకు. సాకిన్, నివాసి. కౌమ్, కులం. ఉమర్, వయసు. ముతవఫ్ఫీ, చనిపోయినవాడు. బేవా, భర్త పోయిన స్త్రీ. ముతబన్నా, దత్తపుత్రుడు. నాబాలిగ్, మైనర్. వారిస్, దస్తఖత్, ఫైసలా మనకు తెలిసినవే. ఒక వాంగ్మూలం మొదటి వరుస దాదాపు ఎప్పుడూ ఇదే వరుసలో నడుస్తుంది: పేరు, వల్ద్ తండ్రి పేరు, కౌమ్, ఉమర్ ఇన్ని సాల్, పేషా (వృత్తి), సాకిన్ మౌజా. ఒక్క వరుసలో తండ్రి పేరు, పుట్టిన ఏడు అంచనా, ఊరు మూడూ దొరుకుతాయి. అయితే కచేరీ గుమాస్తాలు షికస్తా అనే గొలుసుకట్టు రాతలో, చుక్కలు వదిలేసి రాస్తారు. చుక్క లేకపోతే బ, త, న, ప ఒకలాగే కనిపిస్తాయి. హ్రస్వ అచ్చులు అసలే రాయరు. అందువల్ల తెలుగు పేరు చదివిచ్చేవాళ్ళు ఊహించి చెబుతారు. చదివేవాళ్ళకు ముందే మీకు కావలసిన పేరు చెప్పకండి. చెబితే వాళ్ళకు అదే కనిపిస్తుంది. వాళ్ళు చదివింది విని, ఆ తరువాత మీ పట్టికతో సరిపోల్చండి. అంకెలు కొన్ని పాత కాగితాల్లో రఖం పద్ధతిలో ఉంటాయి, మామూలు ఉర్దూ అంకెలు తెలిసినవాళ్ళకు కూడా అవి అర్థం కావు. 1880ల మధ్యకు ముందువైతే భాష ఫారసీ.

తారీఖుల దగ్గర సగం వంశవృక్షాలు ఒక ఏడు పక్కకు జరుగుతాయి. హైదరాబాద్ ఫసలీ ఏడు ఆజూర్ నెలతో, అక్టోబరు 6 ప్రాంతంలో మొదలవుతుంది. నెలల వరుస: ఆజూర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. మొదటి మూడు నెలలకు 590 కలపాలి, మిగతా తొమ్మిదింటికి 591. బహ్మన్ ఆఖరి రోజులు మాత్రం జనవరిలోకి జారతాయి. ఉదాహరణకు ఆజూర్ 1340 అంటే 1930 అక్టోబరు. షహ్రేవర్ 1340 అంటే 1931 జులై. ఒకే ఫసలీ, తొమ్మిది నెలల తేడా. భద్రాచలం వైపు మద్రాసు ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి అక్కడి కాగితానికి ఈ లెక్క వేయొద్దు. ఫర్మానాల్లో హిజ్రీ ఉంటుంది. కాగితం మీద ఏది ఉందో దాన్ని ఉన్నదున్నట్టు రాసుకొని, పక్కన ఇంగ్లీషు తేదీ రాయండి. మార్చిన తేదీ మాత్రమే రాసుకుంటే తరువాత ఆ మిసల్ మళ్ళీ దొరకదు.

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న మనవాళ్ళు అక్కడి అలవాటుతో "1901 జనగణనలో మా తాత పేరు" అని అడుగుతుంటారు. మన దగ్గర ఇంటింటి పట్టికలు దాచలేదు, మొత్తం అంకెలే మిగిలాయి.

ఇంటివైపు ఆధారాలు ఇందుకు బదులు. బ్రాహ్మణ కుటుంబమైతే తద్దినం పెట్టేటప్పుడు చెప్పే పేర్లు రాసుకోండి: తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి వైపు. సంకల్పంలో తప్పకుండా వచ్చే ఈ పేర్లు జ్ఞాపకం కన్నా నమ్మదగినవి. ఆ ఇంటి పురోహితుల దగ్గర కూడా అడగండి. కాశీ, గయ, ప్రయాగల్లో పండాల బహీల్లో (పద్దు పుస్తకాల్లో) మీ ఊరి, ఇంటిపేరు మీద పద్దు ఉండొచ్చు. రెడ్డి, కాపు పటేళ్ళ ఇళ్ళకు గోత్రాలు చెప్పే పిచ్చిగుంట్లవారు (ఇప్పుడు వంశరాజ్) ఉన్నారు. దత్తత గురించి మాత్రం విడిగా, నేరుగా అడగండి. వతన్ నిలబెట్టుకోవడానికి దత్తతలు విరివిగా జరిగాయి. దత్తు పోయినవాడికి ఇంటిపేరు, తండ్రి పేరు, ఒక్కోసారి గోత్రం మారిపోతాయి. ఒకే మనిషి రెండు కాగితాల్లో ఇద్దరు తండ్రులతో కనిపిస్తే ముందు దత్తతను అనుమానించండి, తరువాతే వేరే మనిషి అనుకోండి. ఇల్లరికపుటల్లుడి సంగతీ అంతే.

ఈ నేల చాలావరకు కోయవాళ్ళది. ఎన్నో ఊళ్ళలో పటేల్‌గిరీ కోయ కుటుంబాల్లోనే ఉంది. వాళ్ళ వంశచరిత్ర తహసీల్‌లో కన్నా వంశకథలు పాడే డోలీ కోయల నోట ఎక్కువ ఉంది. పగిడెలు (కథల బొమ్మలున్న గుడ్డ జెండాలు) పట్టి వాళ్ళు పాడే కథల్లో గట్టు (వంశ విభాగం), ఇంటిపేరు, వేల్పు, వలస వచ్చిన దారి వరుసగా వస్తాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య ఈ విద్యలోనివారే. కోయ కుటుంబం అయితే మొదటి ప్రశ్న ఇంటిపేరు కాదు, ఏ గట్టు అన్నది. ఆదిలాబాద్ వైపు బొగ్గు ఊళ్ళలో, అంటే బెల్లంపల్లి, ఆసిఫాబాద్ చుట్టూ, గోండు పటేళ్ళకు ఈ పని పర్ధాన్లు చేస్తారు. అక్కడి కొన్ని ఊరి లెక్కలు మరాఠీలో, మోడీ లిపిలో ఉంటాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పట్వారీ వంశచరిత్ర రాసేటప్పుడు కలం పట్టిన ఇంటి గొప్ప మాత్రమే రాయడం అన్యాయం. ఖాస్రాలో పట్టాదారు ఒకరు, కబ్జాలో కోయ కుటుంబం ఇంకొకరు ఉండి, సేసాల పహాణీ నాటికి ఆ కబ్జా పేరు మాయమై ఉంటే, అది కూడా మీ ఇంటి చరిత్రే. దాన్ని సర్వే నంబరుతో సహా రాయండి. వెట్టి గురించి ఊళ్ళో చెప్పేది కూడా వినండి. ఆ కుటుంబాలవాళ్ళ జ్ఞాపకంలో మీ ముత్తాత పేరు మీ ఇంట్లో కన్నా స్పష్టంగా ఉంటుంది.

ఇక పనిలోకి. మండల స్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము 5 రూపాయలు, జిల్లా, రాష్ట్ర స్థాయికి 10. ఏ4 పేజీ నకలుకు 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో "మా పూర్వీకుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే "అలాంటి సమాచారం లేదు" అని ఒక్క వాక్యంలో తిప్పి పంపుతారు. ఇలా రాయండి: "పూర్వపు వరంగల్ (తరువాత ఖమ్మం) జిల్లా, ఇల్లందు తాలూకా, మౌజా ఫలానా. (1) 1954–55 ఖాస్రా పహాణీ, పట్వారీ, గిర్దావర్ సంతకాలున్న చివరి పేజీతో సహా అన్ని పేజీల నకళ్ళు. (2) ఈ మౌజా పట్వారీ వతన్‌కు సంబంధించిన విరాసత్ మిసల్ల జాబితా, మిసల్ నంబర్లు, ఫసలీ సంవత్సరాలు. (3) ఈ రికార్డులు వేరే కార్యాలయానికి బదిలీ అయి ఉంటే ఆ కార్యాలయం పేరు, బదిలీ జాబితా." మూడో అంశం మరవకండి. 1985, 2016 విభజనల్లో కట్టలు ఎటు వెళ్ళాయో చెప్పేది అదొక్కటే. నకళ్ళు తీసుకునేటప్పుడు ప్రతి కాగితం వెనక వైపు కూడా తీయించండి. పేరు మార్పు హుకుం, తేదీ, తహసీల్దార్ పొట్టి సంతకం చాలాసార్లు వెనకే ఉంటాయి.